పడవ నీట దిగిన నాడు

మన యిండ్లలో కుండ కొనునపుడు మొదట వ్రేలితో తట్టి దాని ధ్వని వినుట వాడుక. ఖంగుమని మ్రోగినచో తీసికొందుము. మొద్దుగా పలికినచో బీట యున్నదని విడిచిపెట్టుదుము. ఈ చిన్న పరీక్షయే యొక మోటారు పడవను, దానితో రెండు నిండుప్రాణములను కాపాడిన వృత్తాంతమును సోదరీమణులకు తెలుపగోరి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నెల్లూరు మండలపు తీరమంతయు ఇసుకదిబ్బలు. కృష్ణపట్నమున ఓడరేవును, జువ్వలదిన్నెలో చేపల రేవును కట్టబడినవి గాని, పెక్కు పాలెములవారు నేటికిని ఇసుకమీదనుండియే పడవలను అలలలోనికి త్రోసికొని పోవుచున్నారు. పూర్వము దుంగలను త్రాళ్లతో బిగించిన తెప్పలే వారికి ఆధారము. తెప్పమీద నీరు పొర్లినను అది మునుగదు. ఇసుకపై నీడ్చినను చెడదు. దానికి మోటారు అమర్చుట మాత్రము సులభము కాదు. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు మద్రాసు కేంద్రముగా నెలకొల్పిన బంగాళాఖాత కార్యక్రమమున, అలల తీరమున దిగుటకు తగిన యంత్రపు పడవలను నిర్మించి పరీక్షించిరి. ఒడ్డు చేరునపుడు పంకా ఇసుకలో దిగబడకుండ పైకెత్తుకొను ఏర్పాటు అందు ముఖ్యమైనది. కాలక్రమమున గాజునారను రెసినుతో పొరలు పొరలుగా అతికి చేసిన ఫైబరు పడవలు వ్యాపించెను. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో సర్వమును పోగొట్టుకొన్న వారికి ఇట్టి పడవలే విరివిగా ఇయ్యబడినవి.

మైపాడునకు చేరువనున్న యొక పాలెములో మాకు పరిచితమైన కుటుంబము కలదు. తల్లి గంపతో చేపలమ్మి యిద్దరు కుమారులను పెంచినది. సునామీ తరువాత వచ్చిన పడవ నొకదానిని దాని యజమాని విడిచిపెట్టగా, వారు చౌకగా కొని పెరటిలో బోర్లించిరి. మోటారు నడపినపుడెల్ల అది వెనుకవైపు వణకుచుండెడిదట. పెద్దకుమారుడు రంగువేసి దింపుదమనెను. తల్లి సుత్తిపిడితో వెనుకపలకను తట్టి చూచి, “రంగు బాగానే ఉంటది గానీ అబ్బయ్యా, లోపల పుచ్చిపోయింది” అనెను.

ఆమె మాట నిజమే. మోటారు తగిలించు ఆ పలక రెండు ఫైబరు పొరల నడుమ చెక్క పెట్టి చేసినది. మరలు బిగించిన రంధ్రములగుండ నీ రెక్కగా, చెక్క లోలోపల కుళ్లిపోవును. పైపొర మాత్రము క్రొత్తదానివలె మెరయుచుండును. మోటారు బరువును బలమును భరించునది ఆ పలకయే. అలల నడుమ అది విడిపోయినచో మోటారు పోవుటయే కాక పడవయు నీటితో నిండును.

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమగుటచే, ఈ తీరమున మోటారు పడవలపై వేట నిషిద్ధము. పరుల పడవలపై కూలికి పోవు ఆ సోదరులకు తీరిక దొరకునది అప్పుడే. అట్లు మూడు వేసవులు పట్టినది. మొదటి వేసవిలో క్రొత్త చెక్క పూర్తిగా ఆరకమునుపే పైపొర వేసిరి. వారము తిరుగకముందే అది అప్పడమువలె లేచిపోయెను. సొమ్మును శ్రమయు వ్యర్థమైనవి. రెండవ వేసవికి తల్లి తన చెవి కమ్మలు కుదువబెట్టి సామగ్రి తెప్పించెను. రెసినును గట్టిపరచు ద్రవము నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే కలుపవలెను. ఎక్కువైనచో వేడెక్కి బీటలు వారును. తక్కువైనచో జిగట వదలదు. ఎండవేళ గిన్నెలోనే గడ్డకట్టును గనుక, తెల్లవారుజామున కొలిచి కలుపు పని తల్లియే పూనుకొనెను. పాకము పట్టిన చేతికి ఆ కొలత త్వరలోనే పట్టువడినది.

పాతపొర నరుగదీయునపుడు లేచు గాజుధూళి మరియొక బాధ. అది బట్టల కంటుకొని వచ్చి పసిపిల్లల యొడలు దురదపెట్టసాగెను. కోడలు ఆ బట్టలను వేరుగా నుంచి, వేరుగా నుతికి, ముక్కునకు గుడ్డ కట్టుకొననిదే మగవారిని పనికి పోనీయలేదు.

గడచిన జూన్ 15వ తేదీ ఉదయము ముహూర్తము. పడవకు పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, గంగమ్మకు టెంకాయ కొట్టిరి. మేమును వెళ్లితిమి. అందరును పడవపై చేతులు వేయు సమయమున తల్లి అడ్డు నిలిచి, ముందు కాలువలో నొక రాత్రి యుంచవలెనని పట్టుపట్టెను. పూజ చేసి సముద్రమునకు దింపకుండుట అశుభమని పెద్దలు కోపగించిరి. చిన్నకుమారుడు సిగ్గుతో మొగము త్రిప్పుకొనెను. ఆమె, “మన ముహూర్తం అలకేం తెలుసు? కాలువ కూడా గంగమ్మే గదా” అనినది. ఆ మాటకు ఎవరును బదులు చెప్పలేకపోయిరి.

పాలెమునకు పడమట నున్నది బకింగుహాము కాలువ. 1876–78 నాటి ధాత కరవులో ఆకలిగొన్న కూలీలచేత త్రవ్వించి పెంచిన ఆ జలమార్గమున ఒకప్పుడు ఉప్పు, కట్టెలు మద్రాసునకు పోయెడివి. తుపానులకు దెబ్బతిని, పూడుకొనిపోయి, నేడు సరకు పడవలు లేక యున్నది. నిలకడ నీరు గనుక పరీక్షకు మాత్రము తగినదే. ట్రాక్టరుపై పడవను చేర్చి నీట దింపిరి. తల్లి లోపల అతుకుల వెంబడి పొడి ముగ్గుపిండి చల్లి వచ్చినది.

మరునాటి ఉదయము చూడగా పిండి యంతయు తెల్లగానే యున్నది గాని, వెనుకపలక యొద్ద నొక మర చుట్టును చారెడు మేర తడిసి ముద్దయైనది. మొదట పడవను చెరచినదియు అట్టి రంధ్రమే! పెద్దకుమారుడు మాటాడక ఆ మర నూడదీసెను. రంధ్రమును ఆరబెట్టి, రెసినుతో పూడ్చి, మరల తొలిచి బిగించుటకు రెండు దినములు పట్టినది.

నాలుగవ నాడు ప్రాతఃకాలమున పడవను ఒడ్డునకు చేర్చిరి. మూడు పెద్ద అలలు విరుగువరకు ఆగి పదిమందియు త్రోసిరి. నడుములోతు రాగానే సోదరులెక్కి మోటారు దించిరి. అది రెండుసార్లు దగ్గి ఊరకుండెను. ఎదుట అల లేచుచున్నది. తల్లి ప్రక్కనున్న మా చేయి పట్టుకొనెను. మూడవసారి అందుకొనగా, పడవ తల యెత్తి అల నెక్కి ఆవలికి దిగినది. ఆమె చేయి అప్పుడే వదలినది.

మధ్యాహ్నమునకు వారు తిరిగివచ్చిరి. పడవలో చేపలు గంపెడైనను లేవు. ఆమె వానివంక చూడనైన లేదు. తిన్నగా పడవ వెనుకకు పోయి పలకను వ్రేళ్లతో తట్టి చెవి యొగ్గెను. కమ్మ లింకను కుదువలోనే యున్నవి గనుక ఆ చెవి బోసిగా నుండెను. పలక ఖంగుమని పలికినది.