కాటా చెప్పని సంగతి

నాతవరంలో మా పెద్దన్నయ్యగారింట్లో వంట ఇప్పటికీ వదిన చేతుల మీదే. డెబ్బైకి దగ్గరపడింది, అయినా గరిటె కోడలికి ఇవ్వదు. ఆమధ్య డాక్టరు ఒళ్లు తగ్గమన్నాడని రాత్రి భోజనం మానేసింది. మధ్యాహ్నం అన్నం సగం చేసింది. పొద్దున్నే కాలవగట్టు మీద నడక మొదలెట్టింది. బరువు తగ్గింది, అందులో అబద్ధం లేదు. కానీ ఇప్పుడు పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకుంటోంది. "ఒళ్లు తగ్గితే తేలిగ్గా ఉండాలి గదేటి మరిదీ! నాకేటి, కాళ్లు తేలిపోతన్నాయి?" అని అడిగింది.

మంచి ప్రశ్న వదినా. కాటా మీద బస్తా పెడితే తూకం చెబుతుంది గానీ, లోపల ఉన్నది ధాన్యమో ఊకో చెప్పదు కదా. నీ ఒంట్లోంచి పోయినదాంట్లో కొవ్వెంత, కండెంత అన్నది ఆ ముల్లుకి తెలీదు.

తిండి తగ్గించినప్పుడు ఒళ్లు కొవ్వుతోపాటు కండనీ కరిగించుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లకి ఆ కండ మళ్లీ పడుతుంది. మన వయసులో అంత సులువుగా పడదు. అమెరికాలో డెన్నిస్ విలరియల్ అనే వైద్యుడి బృందం 65 ఏళ్లు దాటిన 107 మంది స్థూలకాయుల్ని ఏడాదిపాటు గమనించి 2011లో ఫలితాలు చెప్పింది. తిండి మాత్రమే తగ్గించినవాళ్లకి బరువులో 10 శాతం పోయింది. దానితోపాటు కొవ్వు కాని ఒళ్లు, అంటే ముఖ్యంగా కండ, 5 శాతం తరిగింది. తిండి తగ్గిస్తూ వ్యాయామం కూడా చేసినవాళ్లకి బరువు 9 శాతం తగ్గినా కండ తరిగింది 3 శాతమే. తుంటి ఎముక గట్టితనం కూడా వీళ్లలోనే తక్కువ దెబ్బతింది.

ఆ బృందమే 2017లో ఇంకో మెలిక విప్పింది. అందరికీ తిండి తగ్గించి, కొందరిచేత నడకలాంటివి, కొందరిచేత బరువులెత్తడం, కొందరిచేత రెండూ చేయించారు. నడక బాపతు వాళ్లకి 5 శాతం కండ పోయింది, బరువులెత్తినవాళ్లకి 2 శాతం, రెండూ చేసినవాళ్లకి 3 శాతం. నడక గుండెకి మంచిది, చక్కెర వ్యాధికి మంచిది, కాలవగట్టు మీద ఊరి కబుర్లకీ మంచిది. కండ నిలబెట్టడానికి మాత్రం అదొక్కటీ చాలదు.

పీట మీంచి ఒక్క ఉదుటున లేవడానికి మొదటి కొన్ని సెకన్లు కావలసిన శక్తి కండలోనే దాచి ఉంటుంది. ఆ దాపుడు పదార్థం పేరు ఫాస్ఫోక్రియాటిన్. దాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి లోకానికి చూపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. కండ తరిగితే ఆ దాపుడూ తరుగుతుంది, లాగే నారా తరుగుతుంది. అప్పుడు గోడ కావలసొస్తుంది.

మగాళ్లం ఇంకో సాకు చెప్పుకుంటాం: నలభై దాటితే ఒంట్లో ఖర్చు తగ్గిపోతుంది, పొట్ట అందుకే వస్తుందని. 2021లో హెర్మన్ పాంట్‌జర్, ఆయన తోటివాళ్లు 29 దేశాల్లో 6,400 మందికి పైగా మనుషుల రోజువారీ శక్తి ఖర్చు లెక్కగట్టారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే ఇరవై నుంచి అరవై దాకా ఆ ఖర్చు దాదాపు కదలలేదు. అరవై తర్వాతే ఏడాదికి 0.7 శాతం చొప్పున జారుతుంది. కాబట్టి నలభై ఏళ్ల పొట్టకి కారణం పళ్లెంలోనూ కుర్చీలోనూ వెతుక్కోవాలి. వదిన వయసుకి మాత్రం ఆ సాకు కొంత నిజమే. అందుకే ఆమె తినే తిండి కొంచెం తగ్గొచ్చు గానీ, అందులో పస తగ్గకూడదు.

పస అంటే ఇక్కడ మాంసకృత్తులు. పెద్దవాళ్లకి రోజుకి కిలో బరువుకి ఒక గ్రామైనా అందాలని నిపుణులు చాలామంది అంటున్నారు. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములన్నమాట. వదిన ఆఖర్న తింటుంది. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలేది పులుసు నీళ్లు, దాకలో అన్నం, కూరలో ఒకటో రెండో ముక్కలు. పప్పు తేరిపోయి ఉంటుంది, చేప ముక్క మనవడికి పోయింటుంది. తెల్లారి మిగిలిన అన్నం పారేయలేక అదీ తనే తింటుంది. ఇలా పిండిపదార్థంతో కడుపు నిండిపోతుంది, కండకి కావలసింది ఉండదు. ఇది ఒక్క మా ఇంటి సంగతే అయితే రాసేవాణ్ణి కాదు. వండే ఆడవాళ్లు ఒళ్లు పెరిగి, చేవ లేకుండా ఉండటానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. వాళ్లు 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు వేల కేలరీల పళ్లెంలో తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, నూనె 27 గ్రాములు. ఆ నూనె లెక్క వంటింట్లోకి తెచ్చుకుందాం. ఇద్దరు మనుషులకి నెలకి పావు తక్కువ రెండు లీటర్లు. మీ ఇంట్లో ప్యాకెట్లు ఎన్ని ఖాళీ అవుతున్నాయో లెక్కపెట్టుకోండి, నేను చెప్పక్కర్లేదు. గ్రాము పిండిపదార్థంలో నాలుగు కేలరీలుంటే గ్రాము నూనెలో తొమ్మిది. గుత్తొంకాయ కూరలో పైకి తేలిన నూనె అన్నంలో కలుపుకుంటే, అన్నం తగ్గించినందుకు ఫలితం ఏముంది?

చోళ్ల (రాగుల) గురించి కూడా నిజం చెప్పుకోవాలి. మన వైపు చోడి అంబలి తాగితే ఒళ్లు దానంతటదే తగ్గుతుందని ఇప్పుడు కొత్తగా నమ్ముతున్నారు. పోషకాహార సంస్థవారి పాత పట్టికల్లో వంద గ్రాముల బియ్యంలో 345 కేలరీలుంటే చోళ్లలో 328. తేడా పిసరంత. చోళ్ల గొప్ప వేరే చోటుంది. బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములైతే, చోళ్లలో 344. పీచూ ఎక్కువే. ఎముకలు పలచబడే వయసులో అంతకన్నా ఏం కావాలి? అంబలి తాగండి, కానీ అన్నం మీద అదనంగా కాదు.

బెల్లం సంగతి అనకాపల్లి జిల్లాలో ఉండి మాట్లాడటానికి కొంచెం ధైర్యం కావాలి. పంచదార మానేసి బెల్లం వేసుకుంటున్నాం, ఇంక భయం లేదంటారు. పంచదారలో వంద గ్రాములకి 398 కేలరీలు, బెల్లంలో 383. టీలో ఏది వేసుకున్నా నడుముకి ఒకటే. కొలత టేపుతో చూస్తే మన దేశపు ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటితే జాగ్రత్త పడమంటారు. కాటాకన్నా రవికెలు కుట్టేవాళ్ల టేపు కొంచెం నిజం ఎక్కువ చెబుతుంది.

ఇంకొక చిక్కు వండే చేతిలోనే ఉంది. వయసు మీదపడితే ముక్కూ నాలుకా మందగిస్తాయి, కొన్ని మందులు వాటిని మరీ మొద్దుబారుస్తాయి. రుచి చూసి ఉప్పు చాల్లేదనుకుంటుంది వదిన. కోడలు నోట్లో పెట్టుకుని మొహం చిట్లిస్తుంది. రోజుకి అయిదు గ్రాముల ఉప్పు చాలంటున్నారు. అలాగని చప్పిడి కూడు తినమని ఎవరికీ చెప్పను. చప్పిడిది తినలేక పక్కన ఆవకాయ వేసుకుంటారు, ఆవకాయ ఇంకో రెండు ముద్దలు లాగుతుంది. చింతపల్లి మిరియం, పాడేరు పసుపు మన గుమ్మంలోనే ఉన్నాయి. నిమ్మరసం, ధనియాలు, దండిగా కరివేపాకు వేస్తే ఉప్పు లోటు చాలావరకు తెలీదు. ఉప్పు మాత్రం రుచి చూసి కాకుండా చెంచాతో కొలిచి వెయ్యాలి, అంతే.

వదినకి నేను చెప్పింది ఇదీ. రాత్రి పూర్తిగా మానేయకు. మజ్జిగో పాలో, ఒక గుడ్డో, కాసిన్ని ఉడికించిన ఉలవలో తిను. అందరికీ వడ్డించే ముందే నీ పప్పు గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకో. మాంసకృత్తులన్నీ ఒకే పూట కాకుండా మూడు పూటలా పంచుకో, ముసలి కండ అలా అయితే బాగా అందుకుంటుందని కొందరు నిపుణులంటారు. నడక సాగిస్తూనే, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చో. అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలిగావో లెక్కపెట్టు. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లకి పదకొండుకి తగ్గితే కాళ్లలో బలం తక్కువన్నట్టు. పూర్వం తిరగలీ రుబ్బురోలూ నీళ్లబిందెలూ ఈ పని చేయించేవి. ఇప్పుడు నీళ్లు నింపిన సీసాలు రెండు చేతుల్తో ఎత్తినా సరిపోతుంది.

"మరి ముందే తీసుకు పెట్టుకుంటే కోడలు ఏటనుకుంటాది?" అంది. కోడలు లోపల్నుంచి, "మామ్మకి ఎంత తియ్యాలో నేనే తీస్తాలే" అని మనవరాలితో కబురంపింది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం గుడ్లూ పప్పులూ పెంచే ముందు డాక్టర్ని అడగాలి. చక్కెర వ్యాధికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు పూట మానేస్తే చక్కెర పడిపోయి కళ్లు తిరిగి పడొచ్చు, వాళ్లకి ఉపవాసాల ప్రయోగం వద్దు. ఏ ప్రయత్నమూ చెయ్యకుండానే ఆరు నెలల్లోనో ఏడాదిలోనో బరువు వందకి అయిదు పాళ్లు తగ్గితే సంతోషపడకుండా నర్సీపట్నం బస్సెక్కి ఆసుపత్రిలో చూపించుకోవాలి.