మరుగుదొడ్డికి పాత పేర్లు (కరీంనగర్, ఆదిలాబాదు)

ఉత్తర తెలంగాణలోని ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో మరుగుదొడ్డికీ, మలమూత్ర విసర్జనకూ అనేక పాత మాటలు వాడుకలో ఉన్నాయి. అచ్చ తెలుగు మాటలతో పాటు ఉర్దూ, మరాఠీ, సంస్కృత, ఆంగ్ల పదాలు ఇందులో కలిసి ఉన్నాయి. అనేక ఇతర భాషలలో వలెనే ఇక్కడ కూడా ఆ పనిని నేరుగా చెప్పక, చోటునో వస్తువునో పేర్కొని ఊరుకోవడం మర్యాదగా భావించబడింది. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు పలు కొత్త జిల్లాలుగా విభజింపబడ్డాయి.

తెలుగు మాటలు

దొడ్డి అనగా ఇంటి వెనుక పెరడు లేదా పశువులను ఉంచే ఆవరణ. "దొడ్డికి పోవుడు" అనగా పెరటి వైపు వెళ్ళడమే. క్రమంగా అది ఆ పనికే పేరైనది. మరుగు అనగా చాటు. చాటు కల్పించిన దొడ్డి మరుగుదొడ్డి. "చెంబు పట్టుకొని పోవుడు" అనే మాట నీటి పాత్రను బట్టి వచ్చినది. ఊరి వెలుపలి పొలాలకు, చెరువు గట్లకు వెళ్ళడాన్ని "బయటికి పోవుడు" అన్నారు. దీనికి పండితుల మాట బహిర్భూమి. బడిపిల్లలు వేలు చూపి పంతులు అనుమతి అడిగే పద్ధతి నుండి ఒంటేలు (ఒంటి వేలు), రెండేలు అనే మాటలు ఏర్పడ్డాయి.

ఉర్దూ, మరాఠీ ప్రభావం

1948 వరకు ఈ జిల్లాలు నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఉండేవి. ఉర్దూ రాజభాష కావడం వలన పాయఖానా అనే పదం పట్టణాలలో స్థిరపడింది. ఇది పారసీక పదం. "పాయ్" అనగా పాదం, "ఖానా" అనగా ఇల్లు లేదా గది. పైజామాలోని మొదటి భాగం కూడా ఈ "పాయ్" నుండి వచ్చినదే. ఆదిలాబాదు జిల్లా మరాఠీ ప్రాంతాన్ని ఆనుకొని ఉన్నది. ఆ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు 1956లో బొంబాయి రాష్ట్రంలో చేరాయి. మరాఠీలో మరుగుదొడ్డిని సండాసు అంటారు.

ఆంగ్లంతో పోలిక

ఆంగ్లంలోని పాత మాట ప్రివీకి మూలార్థం ఏకాంతమైన చోటు. మరుగుదొడ్డిలోని భావమూ ఇదే. టాయిలెట్ అనే మాట చిన్న గుడ్డ అని అర్థమిచ్చే ఫ్రెంచి పదం నుండి వచ్చినది. అలంకరణ బల్లపై పరిచే గుడ్డకు, పిదప అలంకరణకు, ఆ గదికి, చివరకు మరుగుదొడ్డికి ఆ పేరు వచ్చినది. లెట్రిన్‌కు మూలం కడుగుట అనే అర్థం గల లాటిన్ ధాతువు. ఒక మర్యాదపు మాట వాడుకలో అరిగి మోటుగా తోచినప్పుడు, దాని స్థానంలో మరొకటి రావడం రెండు భాషలలోనూ కనిపిస్తుంది.

మాటలు దాచిన విషయాలు

"బయటికి పోవుడు" అనే మాటలో గది ప్రసక్తి లేదు. చాలా ఇళ్ళలో ఆ గదే లేదు. పురుషులు పగలు కూడా వెళ్ళగలిగినా, స్త్రీలు తెల్లవారక ముందో, పొద్దుగూకిన తరువాతో వెళ్ళవలసి వచ్చేది. అంతవరకు ఆపుకొనడం, అందుకై నీరు తక్కువగా త్రాగడం వారి ఆరోగ్యానికి చేటు చేసేవి.

పట్టణాలలోని నీరు లేని పాయఖానాలను మనుషులే చేతులతో ఎత్తి శుభ్రం చేసేవారు. ఈ పనిని తెలుగులో పాకీపని అంటారు. పారసీకంలో "పాక్" అనగా పవిత్రమైన, శుభ్రమైన అని అర్థం. పరిశుభ్రతను తెలిపే మాటే, ఆ పని చేసేవారి పట్ల అంటరానితనాన్ని మోసే మాటగా మారినది. పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని, వాటిని మనుషులచే ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో కేంద్ర చట్టం వచ్చినది. 2013 నాటి చట్టం ఈ నిషేధాన్ని మురుగు కాలువలకు, సెప్టిక్ ట్యాంకులకు కూడా విస్తరించింది.

నేటి వాడుక

2014 అక్టోబరు 2న ప్రారంభమైన స్వచ్ఛ భారత్ పథకం ద్వారా గ్రామాలలో "వ్యక్తిగత మరుగుదొడ్డి" అనే ప్రభుత్వ పరిభాష వ్యాపించింది. 2019లో గ్రామీణ పారిశుధ్య సర్వేక్షణలో, పూర్వపు కరీంనగర్ నుండి ఏర్పడిన పెద్దపల్లి జిల్లా దేశంలో మొదటి స్థానం పొందినది. విద్యావంతులు ఎక్కువగా బాత్రూం, వాష్‌రూం అనే మాటలు వాడుచున్నారు. గది ఇంటిలోకి వచ్చిన తరువాత కూడా "బయటికి", "దొడ్డికి" అనే మాటలు పెద్దల నోట వినిపిస్తాయి.