పునాది సంవత్సరము: సీమలో జీవవైద్య శాస్త్ర విద్య



ఇటీవల మన పల్లెలలో సైతము ఇంగ్లండు విశ్వవిద్యాలయముల ప్రవేశపత్రములు కనబడుచున్నవి. అందు కొన్నిటిపై ‘బయోమెడికల్ సైన్సు, ఫౌండేషన్ ఇయరుతో’ అని యుండును. ఆ పత్రము చేతబట్టుకొని తండ్రి పెద్దల యొద్దకు వచ్చును. “పిల్లవాడు సీమలో డాక్టరు చదువు చదువబోవుచున్నాడు. రెండెకరములు అమ్మవలసి వచ్చినది. తమ యభిప్రాయ మేమి?” అని యడుగును. భూమి యమ్మకమును గూర్చి మాట చెప్పవలసిన పెద్దలకు ఆ పత్రమునందలి రెండు మాటల యర్థము తెలిసియుండుట మిక్కిలి యవసరము. లోకులు ఆ రెంటిలో మొదటిదానిని ఉన్నదానికంటె నెక్కువగాను, రెండవదానిని ఉన్నదానికంటె తక్కువగాను తలచుచున్నారు. మొదటిది వైద్యపట్టము కాదు. రెండవది అవమానము కాదు. ఈ సంగతిని విశదపఱచుటయే నేటి ప్రసంగము.

మన పూర్వులు ఏ శాస్త్రము నారంభించినను ముందుగా నాలుగు ప్రశ్నలు వేసికొనెడివారు. ఇందలి విషయ మేది? దీనికి అధికారి, అనగా చదువ దగినవాడు, ఎవడు? ఇందలి భాగములకు గల సంబంధ మెట్టిది? చదివినందువలని ప్రయోజన మేమి? వీనికి అనుబంధచతుష్టయ మని పేరు. కొలబద్ద పాతదే గాని నేటి సీమచదువును కొలుచుటకును అది చక్కగా పనికివచ్చును.

మొదట విషయము. బయోమెడికల్ సైన్సనగా జీవవైద్య శాస్త్రము. రోగి యెదుట కూర్చుండి, నాడి చూచి, మందు వ్రాయువాడు వైద్యుడు. ఆ రోగి రక్తమును, మూత్రమును, కఫమును, దేహమునుండి తీసిన చిన్న ముక్కను ప్రయోగశాలలో పరీక్షించి, లోపల నేమి జరుగుచున్నదో వైద్యునకు తెలుపువాడు జీవవైద్య శాస్త్రజ్ఞుడు. ఇతనిని రోగి చూడడు. ఇతని పేరు రోగికి తెలియదు. కాని ఇతడు పొరబడినచో వైద్యుడును పొరబడును. ఆరోగ్యవంతుడగు పురుషుని రక్తమున ఆవగింజంత బొట్టులో, అనగా ఒక ఘన మిల్లీమీటరులో, ఇంచుమించు 50 లక్షల ఎఱ్ఱకణము లుండును. అవి తగ్గినవా, వాని యాకారము చెడినదా, వానిలో మలేరియా క్రిమి చేరినదా యని చూచుట ఇతని పని. ఒకరి రక్తము మఱియొకరి కెక్కింపవలసినప్పుడు రెండును పొసగునో లేదో తేల్చుటయు ఇతని పనియే. 1901లో లాండ్‌స్టైనరు అను పండితుడు రక్తమున వర్గములు గలవని ప్రకటించెను. పొసగని వర్గపు రక్తము ప్రాణమునకే ముప్పు.

ఈ శాస్త్రమునకు మన దేశముతో సంబంధము లేకపోలేదు. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనుగొన్నది మన సికింద్రాబాదుననే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను నాచార్యునితో గూడి, రక్తమూత్రాదులలోని భాస్వరము నొక నీలిరంగు చిక్కదనమును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. లోకమునందలి ప్రయోగశాలలు బహుకాలము ఆ పద్ధతినే యనుసరించినవి. ఆ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని కృతార్థులు కాలేదు. ఆలస్యముగా గడప దాటినంతమాత్రమున లోపలికి దూరము పోలేరనుట పొరపాటని ఆయన చరిత్రయే చెప్పుచున్నది.

రెండవది అధికారి. ఇంగ్లండులో బాలురు పదునాఱవయేట సామాన్య పరీక్షలు ముగించి, పిమ్మట రెండేండ్లు సాధారణముగా మూడు విషయములు మాత్రమే చదువుదురు. దానికి ఏ-లెవెలని పేరు. అప్పుడు చరిత్రయు, సాహిత్యమును, అర్థశాస్త్రమును ఎన్నుకొన్నవానికి తరువాత జీవశాస్త్రముపై మనసు మరలినచో దారి మూసికొనిపోవును. బడి మాని కొన్నియేండ్లు కొలువు చేసి మరల చదువగోరు వారికిని అదే చిక్కు. మార్కులు కొంచెము తక్కువైనవారికిని, విదేశములనుండి వచ్చినవారిలో పూర్వవిద్య చాలదని విశ్వవిద్యాలయము తలచినవారికిని అంతే. ఇట్టివారిని అధికారులుగా తీర్చుటకై పెట్టినదే ఫౌండేషన్ ఇయరు, అనగా పునాది సంవత్సరము. సంస్కృతము నేర్వ వచ్చిన బాలునకు గురువు తొలుదొల్తనే కావ్యము చేతికిచ్చునా? శబ్దమంజరియు అమరమును ముందు వల్లెవేయించును. దానిని ఎవరును అవమానముగా తలపరు.

ఇచ్చట పెద్దలు గమనింపవలసిన దొకటి కలదు. మన ఇంటర్మీడియటులో బైపీసీ చదివి మంచి మార్కులు తెచ్చుకొన్నవారిని నేరుగా మొదటి సంవత్సరమునకే తీసికొను విశ్వవిద్యాలయములు ఆ దేశమున గలవు. కావున అట్టి పిల్లవానికి పునాది సంవత్సర మేల యవసరమైనదో ముందు విచారింపవలెను. అవసరము లేనివానిచేత ఏడాది యధికముగా చదివించుట ఇల్లు కట్టినపిమ్మట మరల పునాది త్రవ్వించుట వంటిది.

ఆ సంవత్సరమున నేర్పున దేమి? జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, గణితము, ప్రయోగశాలలో చేయి తిరుగుట, చూచినదానిని చూచినట్లు ఆంగ్లమున వ్రాయుట. ఇవి విడివిడి పాఠములుగా కనబడును గాని నిజమున కొకటే పాఠము. మన యింటి దృష్టాంతముతో చెప్పెదను. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో నుంచినచో మూడవనాటికి ఊట దిగును. నీరు బయటినుండి వచ్చినది కాదు. ముక్కలలోని నీరే ఉప్పు ఎక్కువగా నున్న దిక్కునకు పలుచని పొరల గుండ వెడలివచ్చినది. రక్తమునందలి ఎఱ్ఱకణమునకును పలుచని పొర యుండును. దానిని వట్టి నీటిలో వేసినచో నీరు లోనికి చొచ్చి కణము పగులును. చిక్కని ఉప్పునీట వేసినచో లోని నీరు బయటికి పోయి కణము ముడుచుకొనును. లీటరు ద్రావణమునకు 9 గ్రాముల ఉప్పు చొప్పున కలిపినచో కణము తన యాకారముననే నిలుచును. ఆసుపత్రిలో సీసాతో నెక్కించు సెలైను ఇదియే. 9 గ్రాములని లెక్క కట్టుట గణితము. ఉప్పు నీట కరగిన తీరు రసాయనము. కణపు పొర సంగతి జీవశాస్త్రము. ఇందులో నొక్కటి రాకున్నను తక్కిన రెండును కుంటువడును. పై తరగతులలో ఆచార్యులు ఈ మూడును వచ్చునని తలచియే పాఠము చెప్పుదురు. అవి రాక మొదటి సంవత్సరమున కూర్చుండినవాడు పాఠము వినును గాని గ్రహింపలేడు.

మూడవది సంబంధము. ఇంగ్లండులో ఈ పట్టపు చదువు మామూలుగా మూడేండ్లు. పునాదితో గూడి నాలుగేండ్లు. మొదటి యేట కణములు, దేహనిర్మాణము, దేహవ్యాపారము, జీవరసాయనము. రెండవయేట రక్తశాస్త్రము, సూక్ష్మజీవులు, రోగనిరోధకశక్తి, వంశలక్షణములు. చివరియేట రోగములను గూర్చిన లోతైన చదువును, స్వంతముగా చేయవలసిన పరిశోధనయు. పునాది సంవత్సరపు మార్కులు సాధారణముగా పట్టపు శ్రేణిలో చేరవు. కాని అందు కృతార్థుడు గానిదే ముందునకు పోనీయరు. ఈ పునాదిలో రెండు తీరులు గలవు. ఒకటి విశ్వవిద్యాలయము తానే పట్టముతో గలిపి నడుపునది. నాలుగేండ్లకును ప్రవేశ మొక్కటే. రెండవది వేఱొక కళాశాల విదేశీయులకై ప్రత్యేకముగా నడుపునది. అందు నియమించిన మార్కులు వచ్చిననే విశ్వవిద్యాలయమున చోటు దొరకును. పత్రమున నున్నది వీనిలో నేదియో యడిగి తెలిసికొనవలెను. ఈ భేదము సంపాదనను సైతము తాకును. పట్టస్థాయి విద్యార్థి పాఠములు జరుగు కాలమున వారమునకు 20 గంటలవరకు కూలిపని చేయవచ్చును. పట్టమునకు దిగువస్థాయి చదువుగా వీసా పొందినవానికి 10 గంటలే. కావున పని చేసి ఖర్చులు గడుపుకొందునను మాటను పెద్దలు నమ్మరాదు.

నాలుగవది ప్రయోజనము, అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ పట్టము పొందినవాడు వైద్యుడు కాడు. సీమలో గాని మన దేశమున గాని మందు వ్రాయుటకు దీనివలన నధికారము రాదు. పట్టము తరువాత కొందఱు అచ్చట వైద్యకళాశాలలో ప్రవేశమునకు ప్రయత్నింతురు. చోట్లు కొద్ది, పోటీ మెండు. దానిని నమ్ముకొని భూమి యమ్మరాదు. ప్రయోగశాలలో ఉద్యోగమునకైనను పట్ట మొక్కటి చాలదు. బ్రిటనులో బయోమెడికల్ సైంటిస్టు అను పేరు చట్టముచే రక్షింపబడినది. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిలను సంస్థ పట్టికలో నమోదు గానివాడు ఆ పేరు పెట్టుకొనుట నేరము. ఆ నమోదునకు సాధారణమైన దారి యిట్టిది: 1912లో ప్రయోగశాలల సహాయకుల సంఘముగా పుట్టి, నేడు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోమెడికల్ సైన్సుగా నున్న సంస్థ యామోదించిన పట్టము పొందవలెను, ఆమోదింపబడిన ప్రయోగశాలలో శిక్షణ పొంది, చేసిన పనికి నిదర్శనములు కూర్చి, యోగ్యతాపత్రము సంపాదింపవలెను. పట్టమునకు ఆ యామోదము లేనిచో మరికొన్ని పాఠములు విడిగా చదివి లోటు పూడ్చుకొనవలసి వచ్చును. కావున ‘ఈ పట్టమునకు ఆ సంస్థ యామోదము గలదా? శిక్షణకు ప్రయోగశాలలో చోటు మీరు చూపుదురా, మేమే వెదకికొనవలెనా?’ అను రెండు ప్రశ్నలకు సమాధానము వ్రాతమూలకముగా తెప్పించుకొనుడు.

ఖర్చు సంగతి. 2025–26 సంవత్సరమున ఇంగ్లండు ప్రభుత్వము స్వదేశ విద్యార్థులకు పట్టపు చదువు రుసుమును ఏడాదికి 9,535 పౌండ్లకు మించరాదని కట్టడి చేసినది. పుస్తకపాఠములే ప్రధానమైన కొన్ని పునాది సంవత్సరములకు 5,760 పౌండ్లే పరిమితి. ప్రయోగశాలతో కూడిన శాస్త్రములకు ఆ తగ్గింపు లేదు. విదేశీయులకు ఈ కట్టడి యేదియు వర్తింపదు. వారి రుసుము సామాన్యముగా మిక్కిలి యధికము. మూడేండ్లకు బదులు నాలుగేండ్ల రుసుము, నాలుగేండ్ల తిండి, నాలుగేండ్ల యద్దె. చదువు ముగిసినపిమ్మట అచ్చట నుండి పని వెదకికొనుటకు రెండేండ్ల గడువుండెడిది. 2027 జనవరి 1 మొదలు దరఖాస్తు చేయు పట్టభద్రులకు దానిని 18 నెలలకు కుదించుటకు నిర్ణయమైనది. నేడు పునాదిలో చేరువాడు ఆ కుదింపు లెక్కతోనే ఆలోచింపవలెను.

తిరిగి వచ్చినవాని గతి యేమని యడుగుదురేమో. మన దేశమున 2021లో అనుబంధ ఆరోగ్యవృత్తులకై యొక చట్టము చేయబడినది. ప్రయోగశాల వృత్తులవారును దానిలో చేరిరి. కావున ఇచ్చట కొలువునకు విదేశ పట్టమునకు ఏ గుర్తింపు కావలెనో బయలుదేరకముందే కనుగొనవలెను.

భూమి అమ్ముడని గాని, అమ్మవలదని గాని నేను చెప్పువాడను కాను. ఏ యింటి సంగతి ఆ యింటివారికే తెలియును. పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని ఆ నాలుగు ప్రశ్నలు వేయుడు. “నీవు చదువునది వైద్యమా, రక్తపరీక్షా శాస్త్రమా? పునాది నీ కేల? అది యే తీరుది? తుదకు ఏ పని చేయుటకు ఏ నమోదు కావలెను?” సూక్ష్మదర్శిని యెదుట గంటలకొలది కూర్చుండి, పేరు కోరక, ఒక్క చుక్కలో నొక ప్రాణము సంగతి వెదకు పనియే తనకు ప్రియమని ఆ పిల్లవాడు తడబడక చెప్పినచో, వానికి ఏడాది యాలస్యము నష్టము కాదు, ఆశీర్వదించి పంపుడు. డాక్టరగుదునని మాత్రమే చెప్పినచో, దస్తావేజుపై వ్రాలు చేయకముందే వానికి నిజము తెలుపుడు. ఇప్పుడు తెలుపు నిజము రెండు గడియలు నొప్పించును. నాలుగేండ్ల పిమ్మట తెలిసినచో తండ్రిని, కొడుకును జన్మాంతము బాధించును.