లేబుల్ మీద పేరుంది, బాధ్యత ఎవరిది?

పండగకు పిల్లలకు బట్టలు కొనేటప్పుడు సైజు చూస్తాం, ధర చూస్తాం. కాలర్ లోపల ‘మేడ్ ఇన్ బంగ్లాదేశ్’ అని ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బ్రాండ్ పేరు మాత్రం యూరప్‌దో, అమెరికాదో అయి ఉంటుంది. ఆ బ్రాండ్‌కూ, బట్ట కుట్టిన మనిషికీ సంబంధం ఏమిటన్న ప్రశ్న 2013లో గట్టిగా లేచింది.

ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం. అందులో ఐదు బట్టల ఫ్యాక్టరీలు, ఒక బ్యాంకు, దుకాణాలు. పై అంతస్తులు సరైన అనుమతి లేకుండా కట్టినవి. ఏప్రిల్ 23న భవనానికి పగుళ్లు కనిపించాయి. బ్యాంకు తన సిబ్బందిని పంపించేసింది. ఫ్యాక్టరీల వాళ్లేమో మర్నాడు పనికి రావాల్సిందేనన్నారు. రాకపోతే జీతం పోతుందన్న భయంతో కార్మికులు వచ్చారు. 24 ఉదయం భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

శిథిలాల్లో పేరున్న బ్రాండ్ల లేబుళ్లు దొరికాయి. కొన్ని కంపెనీలు మొదట మాకు సంబంధం లేదన్నాయి. కాగితం మీద చూస్తే ఫ్యాక్టరీ వాళ్లది కాదు, జీతం వాళ్లివ్వరు. కానీ ఎన్ని చొక్కాలు, ఏ రేటు, ఏ తేదీకి అని నిర్ణయించేది బ్రాండే. ఫ్యాక్టరీ ఓనరు ఆ ఒత్తిడంతా కుట్టేవాళ్ల మీదకి తోస్తాడు.

మరి తనిఖీలు జరగలేదా? జరిగాయి. అందులోని కొన్ని ఫ్యాక్టరీలను ఆడిటర్లు చూసి వెళ్లారు కూడా. భవనం నిలబడుతుందా లేదా అన్నది మాత్రం వాళ్లు పరీక్షించలేదు! ఇలాంటి సర్టిఫికెట్ కొనేవాడికి ధైర్యమిస్తుందేమో గానీ, కార్మికురాలికి ఏమిస్తుంది?

నెల తిరక్కుండానే, మే 2013లో ‘అకార్డ్’ ఒప్పందం వచ్చింది. ఇది ఉత్త హామీ కాదు. సంతకం పెట్టిన కంపెనీ మాట తప్పితే కార్మిక సంఘాలు దాన్ని మధ్యవర్తి తీర్పు దాకా లాగొచ్చు. 200కు పైగా కంపెనీలు చేరాయి. వాల్‌మార్ట్, గ్యాప్ చేరకుండా వేరే కూటమి పెట్టుకున్నాయి. బాధితుల కోసం అనుకున్న 3 కోట్ల డాలర్ల నిధి నిండటానికి మాత్రం 2015 జూన్ దాకా పట్టింది.

అలాగని ఆ బట్టలు కొనడం మానేస్తే ముందు పని పోయేది ఆ ఆడవాళ్లకే. దానికంటే అడగడం మేలు. అకార్డ్ ఇప్పుడు పాకిస్తాన్ ఫ్యాక్టరీలకూ విస్తరించింది, సంతకం చేసిన కంపెనీల జాబితా ఇంటర్నెట్‌లో ఉంది. మీరు కొనే బ్రాండ్ అందులో ఉందో లేదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.