బిళ్ల మనది, ఆట ఎవరిది?

పుస్తకమును కొన్నవాడు దానిని చదివి తమ్మునికి ఇయ్యవచ్చును. స్నేహితునికి ఎరువు ఇయ్యవచ్చును. పాత పుస్తకముల దుకాణములో సగము వెలకు అమ్ముకొనవచ్చును. అందుకు ప్రచురణకర్త అనుమతి అక్కరలేదు. ఇది మనకు సహజముగనే తోచును గాని, ఒకప్పుడు దీనిపై కూడ వ్యాజ్యము నడిచినది. అమెరికాలో బాబ్స్-మెరిల్ అను ప్రచురణ సంస్థ తన నవల నొకదానిని ఒక డాలరు కంటె తక్కువకు అమ్మరాదని పుస్తకములోనే అచ్చువేసెను. మేసీ దుకాణమువారు దానినే 89 సెంట్లకు అమ్మిరి. ఒకసారి అమ్మిన ప్రతిని కొన్నవారు మరల ఎంతకు అమ్మవలెనో శాసించు హక్కు ప్రచురణకర్తకు లేదని 1908 లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

105 సంవత్సరముల తరువాత ఇదే ప్రశ్న వీడియో ఆటల విషయములో తలయెత్తినది. 2013 మే 21 న మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ వన్ అను కొత్త ఆటల యంత్రమును ప్రకటించెను. జూన్ 6 న దాని నిబంధనలను వెల్లడించగా ఆటలాడువారిలో పెద్ద అలజడి చెలరేగెను. ఆ నిబంధనలు ఎందుకు పుట్టినవో తెలియవలెనన్నచో, ముందు ఆట బిళ్ల చేయు పని యేమో చూడవలెను.

ఈ యంత్రములో వాడు బ్లూ-రే బిళ్ల మీద రెండు పొరలలో సుమారు 50 గిగాబైట్ల సమాచారము పట్టును. దానిని 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల లేజరు కిరణము చదువును. ఈ చదువు సెకనుకు ఎక్కువలో ఎక్కువ 27 మెగాబైట్లు. బిళ్లనంతటిని చదువుటకు ఎంత కాలము పట్టునో విద్యార్థులు లెక్క వేసికొనవచ్చును: ఇంచుమించు అర గంట! ఆటలో నొక తలుపు తెరచినప్పుడెల్ల ఆటగాడు అంతసేపు కాచుకొనలేడు గదా. హార్డ్ డిస్కు ఇంతకంటె ఎన్నో రెట్లు వేగముగా చదువును. అందుచేత ఆటను ముందుగనే యంత్రములోని 500 గిగాబైట్ల హార్డ్ డిస్కులోనికి ఎక్కించి, అక్కడనుండియే ఆడుదురు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. ఆట అంతయు లోపలికి పోయిన తరువాత ఇక బిళ్లతో పని యేమి? క అను బాలుడు ఆటను ఎక్కించుకొని బిళ్లను ఖ కు ఇచ్చును. ఖ తాను ఎక్కించుకొని గ కు ఇచ్చును. ఒక్క బిళ్ల వెలతో వీధి వీధియంతయు ఆడును. పుస్తకమును ఇచ్చివేసినచో అది మన అలమారలో ఉండదు. సమాచారము అట్లు కాదు. దీపమునుండి దీపమును వెలిగించినట్లు, ఎందరికి ఇచ్చినను మొదటిది తరుగదు.

కాబట్టి ఒకేసారి రెండు చోట్ల ఉండజాలని వస్తువు ఏదో ఒకటి కావలెను. అందుకు మార్గములు రెండు. ఆడునంతసేపు బిళ్ల యంత్రములో ఉండవలెననుట ఒకటి. ఇంటిలో సులభముగా నకలు తీయరాని విధముగా బిళ్లను తయారు చేయుదురు గనుక, అప్పుడది చీటి వలె పని చేయును. రెండవది, ఏ ఆట ఎవరిదో దూరమున సంస్థవారి సర్వర్‌లో ఒక ఖాతాపుస్తకము ఉంచి, యంత్రము ఇంటర్నెట్ ద్వారా దానిని అడుగుచుండుట.

మైక్రోసాఫ్ట్ రెండవదానిని ఎంచుకొనెను. దీనిలో సదుపాయములు లేకపోలేదు. బిళ్లలు మార్చు పని లేదు. స్నేహితుని ఇంటికి ఉత్తచేతులతో పోయి తన ఆటను అక్కడ ఆడవచ్చును. కుటుంబములో పదిమంది వరకు ఒకరి ఆటలను మరియొకరు పంచుకొనవచ్చును. కాని యంత్రము 24 గంటలకు ఒకసారియైన సర్వర్‌ను పలుకరించవలెను. ఇతరుల యంత్రముపై ఆడునప్పుడు గంటకు ఒకసారి.

ఆటను ఎక్కించునప్పుడు ఒక్కసారి అడిగిన చాలదా అని నా విద్యార్థి యొకడు అడిగెను. మంచి ప్రశ్న. క తన ఆటను ఖ కు అమ్మెననుకొనుడు. ఖాతాలో పేరు మారినది. కాని క తన యంత్రమునకు ఇంటర్నెట్ తీగను పీకివేసినచో ఆ మార్పు దానికెట్లు తెలియును? అది పాత అనుమతితోనే ఆడించుచుండును. అనగా రెండు పలుకరింపుల నడుమ నున్న కాలమే, ఒక అనుమతిపై ఇద్దరు ఆడగల కాలము. నెల గడువు పెట్టినచో నెల, రోజు పెట్టినచో రోజు. ఇంతవరకు దోషము కనబడదు.

అయితే బిళ్ల ఎవ్వరికిని కాదని చెప్పజాలదు. ఖాతా వ్రాయువాడు చెప్పగలడు. ఆ నిబంధనలలో ఇంకను కొన్ని ఉన్నవి. పాత ఆటను అమ్మవలెనన్నచో తయారు చేసిన ప్రచురణసంస్థ ఒప్పుకొనవలెను. దానమిచ్చుటకు, పుచ్చుకొనువాడు కనీసము 30 రోజులుగా మన స్నేహితుల పట్టికలో ఉండవలెను. అదియు ఒక్కొక్క ఆటకు ఒక్కసారియే. ఎరువు ఇచ్చుట, అద్దెకు ఇచ్చుట మొదట ఉండవు. వీనిలో ఏదియు పై లెక్కనుండి రాలేదు. సాంకేతిక అవసరము పేరుతో వ్యాపారము దూరినదని నా అభిప్రాయము. ఇంటర్నెట్ లేనివారి మాటేమని అడుగగా, వారికి పాత ఎక్స్‌బాక్స్ 360 ఉన్నదిగదా అని సంస్థ అధికారి సమాధానము చెప్పిరి.

జూన్ 10 న సోనీవారు తమ ప్లేస్టేషన్ 4 లో పాత ఆటలపై ఏ కట్టడియు లేదని ప్రకటించిరి. ఆటను ఎట్లు పంచుకొనవలెనో చూపు చిన్న చిత్రము నొకటి విడుదల చేసిరి; అందులో ఒకరు మరియొకరి చేతికి బిళ్ల ఇచ్చుట తప్ప మరేమియు లేదు! జూన్ 19 న మైక్రోసాఫ్ట్ తన నిబంధనలను ఉపసంహరించుకొనెను. దానితో పదిమంది పంచుకొను సదుపాయము కూడ పోయినది. కొందరు దీనిని కోపముతో చేసిన పని అనిరి. కాని ఖాతా పోయి బిళ్లయే మరల చీటి అయినప్పుడు, ఒక్క బిళ్ల పది యంత్రములలో ఎట్లుండును?

కథ అంతటితో తీరలేదు. 2020 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లోను, ప్లేస్టేషన్ 5 యొక్క ఒక రకములోను బిళ్ల పెట్టు అరయే లేదు. అక్కడ ఉన్నది ఖాతా మాత్రమే. 2025 జూన్‌లో నింటెండో సంస్థ విడుదల చేసిన స్విచ్ 2 కు మరియొక వింత కలదు. దాని ఆటలు కొన్ని "గేమ్-కీ కార్డు" అను రూపమున వచ్చుచున్నవి. ఈ కార్డులో ఆట ఉండదు. మొదటిసారి ఇంటర్నెట్ నుండి ఆటను దించుకొనవలెను. తరువాత ఆడునప్పుడెల్ల కార్డు యంత్రములో ఉండవలెను. చీటిని, సరుకును పూర్తిగా విడదీసినారన్నమాట. ఈ కార్డును ఎరువు ఇయ్యవచ్చును, అమ్మనువచ్చును. కొన్నవాడు మాత్రము తన యంత్రములోనికి ఆటను ఆ సంస్థ సర్వర్ నుండియే దించుకొనవలెను. సర్వర్ మూసివేసిన నాడు వానికి చేతిలో కార్డు ఒక్కటే మిగులును.