నడిగడ్డ చలి

వస్తువులోని వేడి బయటికి పోతే అది చల్లబడుతుంది. కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నడిగడ్డలో, మానవపాడు పరిసరాల్లో, డిసెంబరు, జనవరి నెలల్లో ఇది రోజూ కనిపిస్తుంది. సముద్రం దూరం, గాలిలో తేమ తక్కువ, ఆకాశం నిర్మలం. పగలంతా ఎండకు కాగిన నేల రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి అంతగా పోదు కాబట్టి చలి తగ్గుతుంది. నేల రాత్రంతా చల్లబడుతూనే ఉంటుంది గనుక పొద్దు పొడిచే వేళకు చలి ముదురుతుంది.

మొదటి దెబ్బ యాసంగి వరి నారుకు తగులుతుంది. మండె కట్టిన (నానబెట్టి మొలకకు కప్పి ఉంచిన) విత్తనం మామూలుగా ఒక రోజులో మొలకెత్తుతుంది, చలికి రెండు రోజులు తీసుకుంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే తగ్గితే నారు ఎదుగుదల మందగిస్తుంది, ఆకు పచ్చదనం కోల్పోతుంది. చల్లటి మట్టిలో వేర్లు జింకును సరిగా తీసుకోలేవు, దాంతో ఆకులు ఇంకా పాలిపోతాయి. అందుకే నారుమడిపై కర్రలు వంచి గుచ్చి, ఆకులకు తగలకుండా సాయంత్రం పాలిథిన్ పట్టా కప్పుతారు, ఎండ రాగానే తీసేస్తారు. రాత్రి చల్లబడిన మడి నీటిని ఉదయం వదిలేసి కొత్త నీరు పెడతారు. బోరు నీరు భూమి లోపలి నుంచి వస్తుంది కాబట్టి తెల్లవారుజామున కూడా గోరువెచ్చగా ఉండి నారుకు మేలు చేస్తుంది.

అదే చలి నల్లరేగడిలోని శనగకు బలం. వానల చివర విత్తిన ఈ పైరు నేలలో మిగిలిన పదునుతోనే పెరిగి, చల్లటి రోజుల్లో పూత పూస్తుంది.

మనిషి శరీరం మాత్రం 37 డిగ్రీల దగ్గరే నిలవాలి. చలి తగలగానే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని, వేడిని లోపలే దాస్తాయి. చేతివేళ్లు చల్లబడేది అందుకే, రక్తపోటు కొంత పెరిగేదీ అందుకే. అది చాలకపోతే వణుకు మొదలవుతుంది. వణుకులో కండరాలు వేగంగా కదిలి వేడి పుట్టిస్తాయి. వృద్ధుల్లో, పసిపిల్లల్లో ఈ ఏర్పాటు బలహీనం కాబట్టి వారికి తలకు, కాళ్లకు కూడా కప్పాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకూడదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వంటింట్లో కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది. పక్కనే ఉన్న వేరుశనగ నూనె పల్చగానే ఉంటుంది. కొబ్బరినూనెలోని కొవ్వు అణువులు చాలా వరకు తిన్నగా ఉండి ఒకదానికొకటి అంటుకుంటాయి. వేరుశనగ నూనెలో ఎక్కువ అణువులకు వంపులుంటాయి కాబట్టి అవి అంత సులువుగా దగ్గర చేరవు. చలికి పాలు తోడుకోవడమూ ఆలస్యమవుతుంది, ఎందుకంటే పెరుగు చేసే సూక్ష్మజీవులకు 40 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టేది అందుకే.

లోహాలు చలికి కుదించుకుపోతాయి. గద్వాల నుంచి కర్నూలు వెళ్లే రైలుమార్గం మానవపాడు మీదుగా సాగుతుంది. 30 డిగ్రీలు చల్లబడితే కిలోమీటరు పొడవు ఉక్కు పట్టా దాదాపు 35 సెంటీమీటర్లు తగ్గాలి. స్లీపర్లు, కంకర దాన్ని పట్టి ఉంచడంతో కుదించుకునే ఆ బలమంతా పట్టాను లాగే బిగువుగా మారుతుంది. బలహీనమైన అతుకు ఉంటే చలి రాత్రే విరుగుతుంది. అందుకే చలికాలం రాత్రుల్లో రైల్వే సిబ్బంది టార్చిలైట్లతో పట్టాల వెంట నడుస్తూ ఒక్కో అతుకునూ చూసుకుంటూ వెళతారు.