దొంగ బాబా సరే, భక్తుడి మాటేమిటి?

బూటకపు మహిమల గుట్టు విప్పడంలో మన సినిమాకు తిరుగులేదు. తడబాటంతా అసలు నమ్మకం దగ్గరే

కన్యాకుమారిలో విజు ప్రసాద్ వ్యక్తిత్వ వికాస పాఠాలు చెప్పుకుని బతికే మనిషి. వినేవాళ్లు తక్కువ. తల్లి ఎప్పుడో ఆత్మహత్య చేసుకుంది. మతి స్థిమితం లేని తమ్ముడిని కంటికి రెప్పలా కాచుకుంటే అతడూ అదే దారిన పోయాడు. ఆ దుఃఖంతో ముంబై చేరిన విజుకు ఇద్దరు వ్యాపారులు ఒక ఉద్యోగం చూపించారు. స్వస్థతలు చేసే పాస్టర్ ఉద్యోగం. దేవుడంటే అతడికి నమ్మకం ఉందా లేదా అన్నది వారికి అనవసరం. గొంతు ఉంది, వేదికంటే జంకు లేదు. అది చాలు. శిక్షణ ఇచ్చి, కోటు తొడిగి, జాషువా కార్ల్‌టన్ అని పేరు పెట్టారు.

2020 ఫిబ్రవరిలో విడుదలైన మలయాళ చిత్రం 'ట్రాన్స్' కథ ఇది. అన్వర్ రషీద్ దర్శకుడు, ఫహాద్ ఫాసిల్ కథానాయకుడు. స్వస్థత సభను ఒక కంపెనీ ఉత్పత్తిలా విడదీసి చూపించడం ఇందులో కొత్తదనం. లైట్లు, సంగీతం, టీవీ ప్రసారం, ముందే సిద్ధం చేసి కూర్చోబెట్టిన 'రోగులు', వెనుక లెక్కలు చూసుకునే యజమానులు. ద్వితీయార్ధంలో సినిమా పట్టు తప్పిన మాట నిజమే. కానీ చూసినవారికి గుర్తుండిపోయేది జాషువా కేకలు, గంతులు కావు. వినాయకన్ పోషించిన థామస్ అనే పేద తండ్రి. కూతురికి జబ్బు చేస్తే అతడు ఆసుపత్రిని కాదని ప్రార్థనను నమ్ముకుంటాడు. కూతురు దక్కదు.

సరిగ్గా ఇలాంటి చావునే 60 ఏళ్ల క్రితం సత్యజిత్ రాయ్ చూపించారు. తేడా అల్లా అక్కడ మోసగాడే లేడు. 1960 నాటి 'దేవి' చిత్రంలో కథ 19వ శతాబ్దపు బెంగాల్‌లో జరుగుతుంది. కాళీ ఉపాసకుడైన జమీందారు కాళీకింకర్‌కు కల వస్తుంది. చిన్న కోడలు దయామయి సాక్షాత్తూ అమ్మవారే అని. నిద్ర లేచి ఆ పిల్ల కాళ్ల మీద పడతాడు. భర్త కలకత్తాలో చదువుకుంటున్నాడు. అడ్డు చెప్పేవారు లేరు. దయను పీట మీద కూర్చోబెట్టి హారతులు పట్టడం మొదలవుతుంది. పేదవాడొకడు చావుబతుకుల్లో ఉన్న పసివాడిని తెచ్చి ఆమె ముందు పడుకోబెడతాడు. తీర్థం పోస్తారు. పిల్లవాడు కళ్లు తెరుస్తాడు.

ఇక ఊరంతా కదిలి వస్తుంది. రాయ్ ఆ పిల్లవాడు ఎందుకు కోలుకున్నాడో చెప్పరు. చెప్పి ఉంటే సినిమా తేలిపోయేది. కలకత్తా నుంచి వచ్చిన భర్త రాత్రికి రాత్రి భార్యను తీసుకుపోబోతే నది ఒడ్డున దయ ఆగిపోతుంది. నిజంగానే నేను దేవినైతే? అన్నది ఆమె సందేహం. మోసగాడికి ఆ సందేహం రాదు. వచ్చినా బేరం చెడుతుందని నోరు మెదపడు. తర్వాత ఆ ఇంటి పసివాడికే, దయ ప్రాణంగా చూసుకునే బావగారి కొడుకుకే జ్వరం వస్తుంది. తల్లికి మనసులో నమ్మకం లేకపోయినా వాడిని దయ ఒడికి అప్పగిస్తుంది. తెల్లవారేసరికి పిల్లవాడు పోతాడు.

కాళీకింకర్ పైసా తీసుకోలేదు, అబద్ధం ఆడలేదు. పోలీసులు వచ్చినా పట్టుకెళ్లడానికి ఎవరూ లేరు. థామస్ కూతురి చావుకు కారకులను వేలెత్తి చూపవచ్చు. ఈ పిల్లవాడి చావుకు ఎవరిని చూపాలి?

ఈ ప్రశ్న వేయడానికి మన సినిమాకు సాధారణంగా ధైర్యం చాలదు. బాబాను హాస్యగాడిగానో విలన్‌గానో చూపించి ఊరుకోవడం తేలిక. తెలుగు తెర మీద దొంగ స్వాములు కమెడియన్ల సొత్తు. రాయ్ కూడా 1965లో 'మహాపురుష్' తీశారు. రాజశేఖర్ బసు కథలోని బిరించి బాబా సూర్యుడిని తానే ఉదయింపజేస్తానంటాడు. రెండు చూపుడు వేళ్లను చెరో వైపు తిప్పుతూ భూత భవిష్యత్తులను వివరిస్తాడు. ప్లేటోతో పరిచయమట, ఐన్‌స్టీన్‌కు సూత్రం చెప్పింది తనేనట. చివరికి పొగబెట్టి గుట్టు రట్టు చేస్తారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం, కానీ కలత ఉండదు. ఎందుకంటే బాబా మాటలకు తలలూపేవారు న్యాయవాదుల వంటి పెద్దమనుషులు. వారికి పోయేది డబ్బూ పరువే.

అదే ఏడాది వచ్చిన విజయ్ ఆనంద్ 'గైడ్' మరో వైపు నుంచి వచ్చింది. జైలు నుంచి వచ్చిన రాజును పల్లె జనం సాధువనుకుంటారు. అన్నం దొరుకుతుంది కనుక అతడూ కాదనడు. కరువు వచ్చాక, ఏదో కథ చెప్పబోతే అది చేరాల్సిన చోటికి వేరేలా చేరి, వాన కోసం స్వామి ఉపవాసం ఉంటారన్న ప్రచారం అవుతుంది. తప్పించుకునే దారి లేక మొదలైన 12 రోజుల దీక్ష అది. మధ్యలో ఒక విదేశీ విలేఖరి సూటిగా అడుగుతుంది, ఇదంతా మీరు నమ్ముతున్నారా అని. వీళ్లకు నా మీద నమ్మకం ఉంది, నాకు వీళ్ల నమ్మకం మీద నమ్మకం కలుగుతోంది అన్న భావం వచ్చే జవాబు చెబుతాడు రాజు. హిందీ సినిమాలో మోసగాడి మనసును ఇంతగా పట్టుకున్న సంభాషణ మరొకటి వెతకడం కష్టం. ఆ మాటతోనే ఆగి ఉంటే బాగుండేది. వాన కురిపించేశారు. ఆర్.కె. నారాయణ్ 1958 నాటి నవలలో ఆ హామీ లేదు. కొండల్లో వాన పడుతోందని రాజు అంటాడంతే. పడిందో లేదో పాఠకుడి నమ్మకం.

వాన కురిపించే ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు. 2012లో వచ్చిన 'ఓ మై గాడ్'లో కాంజీ మెహతా భూకంపంలో దుకాణం పోగొట్టుకుని దేవుడి మీదే కేసు వేస్తాడు. స్వాములను కోర్టుకీడ్చి కడిగేస్తాడు. చివరికి పక్షవాతంతో మంచాన పడతాడు. అప్పుడు కృష్ణుడు స్వయంగా వచ్చి నయం చేస్తాడు! మహిమల వ్యాపారం మీద తీసిన సినిమా మహిమతోనే ముగిసింది. 2015లో వెంకటేష్, పవన్ కల్యాణ్‌తో తెలుగులో వచ్చిన 'గోపాల గోపాల'ది కూడా అదే బాట. మధ్యవర్తులు వద్దు, దేవుడు ఉన్నాడు అన్నది ఈ సినిమాల రాజీ సూత్రం. థియేటర్ బయట ఎవరూ నొచ్చుకోరు. కానీ నిజమైన దేవుడు నేరుగా పక్షవాతం తగ్గిస్తాడని చెప్పాక, ఆసుపత్రికి వెళ్లమని థామస్‌కు ఎవరు చెప్పాలి?

చట్టం ఈ చిక్కులో దిగదు. మంత్రాలు, తాయెత్తులతో జబ్బులు నయమవుతాయని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నాటి మాయ చికిత్సల ప్రకటనల చట్టం చెబుతోంది. అందులోని జాబితాలో 54 వ్యాధులున్నాయి. డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టులో పుణేలో హత్యకు గురయ్యాక మహారాష్ట్ర తెచ్చిన చట్టం మరో అడుగు ముందుకు వేసింది. కుక్క, పాము, తేలు కరిచినవారిని వైద్యం చేయించుకోనివ్వకుండా ఆపి మంత్రం వేయడం అక్కడ నేరం. ఆపినవాడు దొరికితే శిక్షించవచ్చు. ఎవరూ ఆపకుండా తనంతట తానే ఆగిపోయిన తండ్రి విషయంలో చట్టానికి పెద్దగా పని లేదు.

ఆ మిగిలిన పని సినిమాదే కావాలి. బాబా జేబులో దాచిన విభూది ఉండ ఎక్కడుందో చూపించడానికి గారడీవాడు చాలు. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని సభకు వచ్చే మనిషి ఆసుపత్రిలో ఏం చూసి భయపడ్డాడో, ఎంత ఖర్చుకు హడలిపోయాడో, ఎవరి మాటలో అతడికి ఊరట దొరికిందో చూపించడానికి కథకుడు కావాలి. 'ట్రాన్స్' థామస్‌కు ఇచ్చిన నిడివి జాషువా వేదికకు ఇచ్చిన దానిలో చాలా చిన్న వంతు.

'దేవి'లో పిల్లవాడు పోయాక రాయ్ కెమెరా జమీందారును దోషిగా నిలబెట్టి తృప్తి పడలేదు. అది దయ గదిలోకి వెళుతుంది. అప్పటికే ఆమెకు మతి చెదిరింది. పారిపోదాం, లేకపోతే నన్ను చంపేస్తారని భర్తను తొందరపెడుతుంది. తర్వాత పొగమంచు కమ్మిన పొలంలోకి పరుగెత్తుతుంది. ఆమెను దేవి అన్నవాళ్లలో ఒక్కరూ వెంట రారు.